గొంతు తగ్గించి పాడిన కాలం

పద్యనాటకం ఊపుమీద ఉన్న రోజుల్లో నటుడికి ముందు కావలసింది గొంతు. మైకుల్లేవు. పెట్రోమాక్సు దీపాల కింద తెల్లవార్లూ సాగే ఆటలో, నేల టికెట్టు కొన్న ఆఖరి మనిషికి కూడా పద్యం నాలుగో పాదం వినపడాలి. హార్మోనిస్టు శ్రుతి పెంచేవాడు, నటుడు రాగం ఎత్తి నిలబెట్టేవాడు, జనం ‘ఒన్స్ మోర్’ అని అరిచేవారు, అతను మళ్లీ అందుకునేవాడు. హరికథా అంతే, రాజకీయ సభలో ఉపన్యాసమూ అంతే. అలా నలుగురికీ వినపడేలా పెరిగిన గొంతుల ముందు 1938లో మద్రాసులో ఆలిండియా రేడియో మైకు ఒకటి వచ్చి కూర్చుంది. దానికి అరుపు పనికిరాదు. తెలుగు పాటలోనూ మాటలోనూ ఆ తర్వాత వచ్చిన మార్పు చాలావరకు అక్కణ్ణుంచే మొదలైందని నా నమ్మకం.

మద్రాసుకు రేడియో అప్పటికే కొత్త కాదు. 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో పుట్టిన ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు డబ్బు చాలక మూడేళ్లకే మూతపడింది. దాని ట్రాన్స్‌మిటర్‌ను నగర కార్పొరేషన్ తీసుకుని 1930 ఏప్రిల్ 1 నుంచి సాయంకాలం పూట ప్రసారాలు సాగించింది. సెట్టు కొనలేనివాళ్ల కోసం మెరీనా బీచిలో లౌడ్‌స్పీకర్లు పెట్టారు. షికారుకొచ్చినవాళ్లు ఇసుకలో కూర్చుని పాట వినేవారు. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. ఒకే కేంద్రం, రెండు భాషలు: తమిళం, తెలుగు గంటలు పంచుకోవాలి. తెలుగుకు దక్కిన వేళ తక్కువే గనుక అందులో ఏం వినిపించాలన్న పట్టింపు ఎక్కువగా ఉండేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1 దాకా రాలేదు. హైదరాబాదులో 1935 నుంచీ నిజాం ప్రభుత్వపు డెక్కన్ రేడియో ఉన్నా అక్కడ ఉర్దూదే రాజ్యం. అది 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది.

ఆనాటి సాయంకాలపు కార్యక్రమాల్లో పెద్దపీట కచేరీది. స్టూడియో అంటే కిటికీల్లేని గది, శబ్దాన్ని పీల్చే గోడలు, నేలమీద తివాసీ, మధ్యన మైకు. ఇప్పటిలా గాయకుడికొకటి, పక్కవాద్యాలకు తలా ఒకటీ కాదు. ఎవరు ఎంత వినపడాలన్నది మీటలు తిప్పి కాకుండా మనుషుల్ని జరిపి తేల్చేవారు. గాయకుడు మైకుకు దగ్గర. వయొలిన్ ఆ పక్కనే, కాస్త వెనక్కి. తంబురా ఇంకా వెనక. మృదంగం బాగా దూరం, అదీ ఎడమ మూత మైకుకు ఎదురు కాకుండా, లేకపోతే ఆ గుంకీలో పాట మునిగిపోతుంది. వీణ సంగతి వేరు. సభలో నాలుగు వరుసలు దాటడానికే కష్టపడే వాద్యం అది. మైకు దగ్గరికి తెస్తే నాదం నిండుగా వస్తుంది కానీ, మెట్లమీద వేలు జారే గరగర కూడా వెంట వస్తుంది. జానెడు వెనక్కి జరిపితే గరగర పోతుంది, దాంతోపాటు గమకం చివర మిగిలే సన్నని కంపనమూ పోతుంది. ఆ జానెడు ఎక్కడ ఆపాలో ప్రసారానికి ముందు వాయించి చూసుకోవాల్సిందే. ఎర్ర దీపం వెలిగాక ఇక జరగడానికి లేదు.

తొడమీద గట్టిగా తాళం వేసే విద్వాంసులకు ఇంకో చిక్కు. ఆ దెబ్బ మైకులో మృదంగంతో పోటీ పడుతుంది. గాజులూ ఉంగరాలూ తీసి పక్కన పెట్టాలి. ఎదురుగా తలూపేవాడు లేడు, ‘భళా’ అనేవాడు లేడు. జనం ముఖాలు చూసి పాడడం అలవాటైన పెద్దలు కొందరికి ఇది నచ్చలేదంటే ఆశ్చర్యం లేదు.

అన్నిటికన్నా పెద్ద విద్వాంసుడు గోడ గడియారం. మూడు నాలుగు గంటలు పాడడానికి అలవాటుపడిన మనిషికి ఇక్కడ అరగంట, మహా అయితే గంట. ఒక చిన్న కృతి, కాస్త ఆలాపన, స్వరకల్పనతో ఒక పెద్ద కృతి, చివర జావళో పదమో, మంగళం. తని ఆవర్తనానికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. రాగం తానం పల్లవి దెబ్బతిన్నదని సంగీత ప్రియులు వాపోయారు, అందులో నిజముంది. అయితే అప్పటిదాకా ఇంట్లో సంగీతమంటే గ్రామఫోను ప్లేటు, దాని ఒక వైపు నిడివి మూడు మూడున్నర నిమిషాలు. ప్లేటు మీద ఆలాపన మొదలవుతుండగానే ముల్లు చివరికొచ్చేది. ఆ శ్రోతకు అరగంటంటే విందు భోజనమే. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ కమానులోని మెత్తని పలుకు సభ చివరి వరుసకు అందకపోవచ్చు. సెట్టుకు చెవి ఆనించిన మనిషికి అందింది.

నాటకంతో కలిసి పెరిగిన హార్మోనియానికి మాత్రం ఈ ఇంట చోటు దొరకలేదు. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో దాన్ని బహిష్కరించింది. మెట్టు నొక్కితే స్వరం అక్కడే బిగిసి నిలబడుతుంది, జారదు, ఊగదు, మన గమకం దానికి లొంగదు అన్నది వాదం. ఈ నిషేధం 1970ల మొదట్లో గానీ సడలలేదు. వాదంలో శాస్త్రం ఉంది. మొండితనం కూడా తక్కువేం లేదు. తెలుగు రంగస్థలాన్ని అర్ధశతాబ్దం మోసిన వాద్యాన్ని గుమ్మం బయట నిలబెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ ఆ ఖాళీలోకి తంబురా, వేణువు, వీణ వచ్చి చేరాయి. పాటకు ఆసరాగా నిలిచే గట్టి శ్రుతి తప్పుకోవడంతో గొంతు తన నునుపును తానే చూసుకోవాల్సి వచ్చింది.

లలిత సంగీతం పెరిగింది ఈ వాతావరణంలోనే. భావకవిత్వం ఒంటరిగా కూర్చుని చదువుకునే కవిత్వం, సభలో ఎలుగెత్తి పాడితే సగం చచ్చిపోతుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటకు మైకు కన్నా తగిన వేదిక లేదు. ఆ పాట పాడడానికి ఒక పద్ధతి ఏర్పడింది. కింది స్థాయిలో ఎత్తుకోవాలి. గమకాన్ని మాట విరగనంత వరకే అనుమతించాలి. ఊపిరి పీల్చేది పదం మధ్యలో కాదు, భావం ఆగిన చోట, ఎందుకంటే ఊపిరి చప్పుడు మైకు దాచిపెట్టదు. రావు బాలసరస్వతీదేవి, టంగుటూరి సూర్యకుమారి ఈ పద్ధతిలో పేరు తెచ్చుకున్న తొలి గొంతులు.

బాణీలు కట్టినవారిలో బాలాంత్రపు రజనీకాంతరావును విడిగా చెప్పాలి. 1941లో మద్రాసు కేంద్రంలో చేరిన ఆయన పాట రాసి, తనే స్వరపరిచి, తనే నేర్పేవారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజు సూర్యకుమారి గొంతున మద్రాసు నుంచి వినిపించిన తెలుగు గీతం ఆయనదే. క్షేత్రయ్య, అన్నమయ్యల పరంపరను తవ్వి ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాసిన మనిషి గనుక కొత్త పాటకు పాత పదాల పోకడ ఎక్కడ అతుకుతుందో తెలుసు. 1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ సినిమా పాటలకు కోత పెట్టి లలిత సంగీతానికి విభాగాలు పెట్టించారని ఆయనకు ఆ ఘనత ఇస్తుంటారు. తెలుగులో ఆ పని అప్పటికి పదేళ్లుగా జరుగుతూనే ఉంది. కోత ఫలితం మరోలా తేలింది, శ్రోతలు రేడియో సిలోన్‌కు ముల్లు తిప్పుకున్నారు.

ఇక ప్రసంగం. పాటకన్నా మాటకే మైకు పెట్టిన పరీక్ష కఠినమని నాకనిపిస్తుంది. తెలుగులో ఉపన్యాసం అంటే ‘సభాసరస్వతికి నమస్కారం’తో మొదలై ఊపందుకుని శ్లోకం దగ్గర చప్పట్లు కొట్టించేది. రేడియోలో సభ లేదు. వింటున్నది వరండాలో పడక్కుర్చీలో కూర్చున్న ఒక తాతగారు, వంటింట్లోంచి చెవి పెట్టిన ఒక ఇల్లాలు. వాళ్లతో ‘ఓ మహాజనులారా’ అంటే నవ్విపోతారు. అందువల్ల రాత మారింది. పొడుగు సమాసం చెవిలో చిక్కుపడుతుంది, విడగొట్టాలి. ‘పైన చెప్పిన’ అనడం కుదరదు, వినేవాడికి పైనా కిందా లేదు. పేరు మళ్లీ మళ్లీ చెప్పాలి, మధ్యలో సెట్టు పెట్టినవాడికి ‘ఆయన’ ఎవరో తెలియదు. గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా పోరాడిన వ్యావహారికానికి పత్రికల్లో ఇంకా పేచీలు నడుస్తుండగానే, మైకు ముందు గ్రాంథికం తనంత తాను ఎబ్బెట్టుగా వినిపించడం మొదలైంది. వాదించి గెలవనిది వినిపించి గెలిచారన్నమాట.

చదవడం మరో విద్య. కాగితానికి ఒక వైపే రాయాలి, పిన్ను తీసేయాలి, చదివిన పేజీని తిప్పకుండా చప్పుడు కాకుండా పక్కకు జార్చాలి. తెలుగు ఒత్తక్షరాలతో ఒక ప్రత్యేకమైన తంటా ఉంది: ‘భారతం’, ‘ఫలం’ అని నిండుగా పలికితే గాలి తిన్నగా వెళ్లి మైకును కొట్టి ‘టప్’మంటుంది. భకారాన్ని వదులుకుంటే పండితులు ఊరుకోరు. మైకుకు ఎదురుగా కాక ఓరగా కూర్చుని, దాని పక్కగా మాట్లాడడం ఉపాయం. శ, ష, స ల బుస కూడా అలాగే సర్దుకుంటుంది. ఇన్ని జాగ్రత్తల మధ్య చూసి చదువుతున్నట్టు తెలియకూడదు. రాసిన ప్రతిని ముందే అధికారులు చూసి ఒప్పుకోవాలి, సర్కారీ రేడియో, పైగా యుద్ధకాలం. దాన్నుంచి పక్కకు పోవడానికి వీల్లేదు. అక్షరం మార్చకుండా, అప్పుడే తోచినట్టు మాట్లాడాలి. బాగా చేసినవాళ్లు కొద్దిమందే.

ఈ కళ సహజంగా అబ్బింది పిల్లలకు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి వాళ్లను స్టూడియోకు తెచ్చి ఆడించి పాడించారు. వేదికెక్కి గొంతు చించుకోవడం ఇంకా నేర్వని వయసు కావడం వాళ్లకు కలిసొచ్చింది.

నాటకానికి వస్తే రిబ్బన్ మైకు ముందూ వెనకా మాత్రమే బాగా వింటుంది, పక్కల నుంచి వచ్చేది దానికి పట్టదు. ప్రియుడూ ప్రియురాలూ దానికి చెరో వైపు ఎదురెదురుగా నిలబడితే చాలు. దూరం నుంచి నడిచొస్తున్న పాత్ర కోసం నటుడు పక్క నుంచి మాట్లాడుతూ ఒక్కో అడుగూ ముందుకు జరిగేవాడు. ఒకప్పుడు సత్యభామగా వేదికను ఏలిన స్థానం నరసింహారావు కూడా తర్వాతి రోజుల్లో హైదరాబాదు కేంద్రంలో రేడియో నాటకానికి పనిచేశారు.

యాభైల్లో టేపు రికార్డర్లు వచ్చాక, అన్నీ నేరుగా ప్రసారం చేసే ఈ పద్ధతి సడలింది. ప్రసంగం ముందురోజే రికార్డు చేసి, తడబడిన చోట టేపును బ్లేడుతో కోసి అతికించవచ్చు. స్వరకల్పనను సరిగ్గా గడియారం ముల్లు దగ్గర ముగించే నేర్పు విద్వాంసుడి నుంచి కోసి అతికించేవాడి చేతికి పోయింది. టేపు ఖరీదైన సరుకు గనుక ప్రసారమైపోయినదాన్ని చెరిపి దాని మీదే ఇంకోటి ఎక్కించేవారు. అంతకుముందు నేరుగా వెళ్లినవి వెళ్లిపోగా, టేపుకెక్కినవీ ఇలా కొన్ని పోయాయి. ఆ సాయంకాలాల గురించి తెలుసుకోవాలంటే రేడియో పత్రిక ‘వాణి’ పాత సంచికల్లోని కార్యక్రమ వివరాలు, ఆచంట జానకిరాం లాంటి రేడియో ఉద్యోగుల జ్ఞాపకాలు వెతుక్కోవాలి. పత్రిక పట్టికల్లో ఎవరు, ఏ వేళ, ఎన్ని నిమిషాలు అన్నది దొరుకుతుంది. మృదంగాన్ని ఎంత దూరం జరిపారో దొరకదు.