సీసాలో పూర్వభర్త: ‘కన్యాశుల్కం’లో హాస్యం, మతవిశ్వాసం

‘కన్యాశుల్కం’లో మతవిశ్వాసాన్ని ప్రశ్నించే పాత్ర ఏదంటే చాలామంది ముందుగా గిరీశాన్నే చూపుతారు. చుట్ట కాల్చడానికి పురాణ ఫక్కీలో ప్రమాణం కల్పించిన అతని పద్యం నాటకం చదవనివారికి కూడా కంఠస్థమే. అయితే అక్కడ గిరీశం పురాణాన్ని ప్రశ్నించడం లేదు, వాడుకుంటున్నాడు. గరుత్మంతుడు అమృతం తెచ్చిన కథకు పొగాకును తోకగా తగిలించి ఛందస్సులో చెబితే వెంకటేశం వంటి శిష్యుడికి అదే ప్రమాణమవుతుందని అతనికి తెలుసు. ప్రమాణం ఎంత సులువుగా తయారవుతుందో చూపి నవ్వించినవాడు గురజాడ. ఆ సులువు వల్ల లాభపడినవాడు గిరీశం. రచయిత వ్యంగ్యాన్ని పాత్ర నాస్తికతగా పొరబడితే ఈ నాటకంలోని హాస్యం సంస్కరణ గుళికకు పూసిన తేనెగానే మిగులుతుంది.

విశ్వాసాన్ని హాస్యం నిజంగా పరీక్షకు పెట్టిన ఘట్టం లుబ్ధావధాన్ల ఇంట్లో ఉన్నది. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన నాటకాన్ని గురజాడ పెంచి, మార్చి 1909లో మళ్లీ ప్రకటించాడు. ఈ చర్చకు ఆ రెండో కూర్పే ఆధారం. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్లికూతురుగా అమ్ముతాడు. ఆ పిల్లకు ఇదివరకే పెళ్లయి మొగుడు చచ్చాడన్న అనుమానం పుట్టిన క్షణం నుంచి ముసలివాడికి పూర్వభర్త దయ్యమై పీడిస్తున్నాడన్న భయం పట్టుకుంటుంది. పూజారి గవరయ్య వచ్చి ఆ దయ్యాన్ని సీసాలో బిగిస్తాడు. పెళ్లికూతురు మాయమైతే దానికీ అతని దగ్గర సమాధానమున్నది: ఆమె మనిషే కాదు, కామినీ పిశాచం.

ఇక్కడ గురజాడ ఎవరిచేతా దయ్యాలు లేవని వాదింపజేయలేదు. ఆ అవసరమే రాలేదు. పెళ్లికూతురు మగపిల్లవాడని ప్రేక్షకుడికి మొదటినుంచీ తెలుసు. ఆడపిల్లే లేనప్పుడు ఆమెకు పూర్వభర్త ఎక్కడివాడు? అతని దయ్యం ఎక్కడిది? అసలు కారణం ఎరిగిన ప్రేక్షకుడి కళ్లముందే అతీత కారణం ఒక్కొక్క మెట్టూ కట్టుకుంటూ పైకి లేస్తుంది. సీసాలో ఏమీ కనిపించకపోవడమే అందులో దయ్యమున్నదనడానికి రుజువు. బిరడా బిగించి ఉండడం రెండో రుజువు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘సూతపురాణం’లో పురాణాలను వాదంతో ఎదుర్కొన్నాడు. వాదానికి ప్రతివాదం ఉంటుంది, పండితులు చెప్పనూ చెప్పారు. గవరయ్య సీసాకు ఏం ప్రతివాదం చెబుతారు?

ఈ నవ్వు గవరయ్య వంటి దళారుల మీదే గాని విశ్వాసం మీద కాదని ఒక సమాధానం చెప్పవచ్చు. సారా దుకాణం దగ్గర బైరాగీ, జంగం, సాతానీ, పోలీసు ఉద్యోగులూ చేరి మత్తులో సాగించే వేదాంతచర్చ వరకు ఆ మాట చెల్లుతుంది. అక్కడ నవ్వు మనుషులను దాటి లోతుకు పోదు. (ఆ రంగం ప్రదర్శనలో పండినంతగా ఆలోచనలో పండదని నా అభిప్రాయం.) దయ్యం విషయంలో మాత్రం ఈ సమాధానం చాలదు. గవరయ్య రాకముందే లుబ్ధావధాన్లలో భయం ఉన్నది. గవరయ్య దాన్ని పుట్టించలేదు, దానికి వెల కట్టాడు.

ఆ భయంలోని తర్కం గమనించదగినది. చచ్చిన మొగుడు తన భార్యను వెతుక్కుంటూ ఎందుకు రావాలి? ఆమె ఇంకా అతనిదే గనుక. డబ్బిచ్చి కొన్న కొత్త యజమాని ముందు పాత యజమాని నిలబడి హక్కు అడుగుతున్నాడు. ఈ దయ్యాన్ని నమ్మడమంటే, మరణించిన తరువాత కూడా భర్త హక్కు చెల్లిపోదని నమ్మడమే. అదే నమ్మకం అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో శాస్త్రమనే పేరుతో చలామణీ అవుతూ బుచ్చమ్మను వితంతువుగా కూర్చోబెట్టింది. అక్కడ ఆ చచ్చిన మొగుణ్ణి ఎవరూ దయ్యమనరు. ఒక ఇంట మర్యాదగా, కన్నీళ్లతో పాటిస్తున్న విశ్వాసాన్నే మరో ఇంట గురజాడ సీసాలో పెట్టి చూపించాడు. బుచ్చమ్మ వైధవ్యం మీద నేరుగా నవ్వే రచయిత ఎవడూ ఉండడు, ఉంటే అతన్ని చదవలేము. లుబ్ధావధాన్ల వణుకు మీద నవ్వవచ్చు. నవ్విన ప్రేక్షకుడు ఈ రెండు ఇళ్లనూ తనంత తానే కలుపుకుంటాడా అంటే, కలుపుకున్న దాఖలా మన విమర్శలో తక్కువే. బుచ్చమ్మ ప్రస్తావన వితంతు సమస్య శీర్షిక కింద, గవరయ్య ప్రస్తావన హాస్యపాత్రల శీర్షిక కింద వేరువేరు అధ్యాయాలలో వస్తుంటాయి.

ఇంత నిర్దాక్షిణ్యమైన హాస్యం చివరి అంకంలో ఒకచోట ఆగుతుంది. సౌజన్యారావు మధురవాణికి భగవద్గీత ఇచ్చేటప్పుడు ఎవరూ నవ్వరు. దీన్ని రాజీ అనడం తొందరపాటు. గీత అక్కడ ఎవరి భయానికీ మందుగా రాలేదు, ఎవరి హక్కుకూ ప్రమాణంగా రాలేదు, దానికి ఎవరూ వెల అడగలేదు. అయినా అంతవరకు మనుషులందరినీ ఆటలాడించిన మధురవాణి చేతికి ఆ పుస్తకం వచ్చాక ఆమె దాన్ని ఎలా చదివి ఉంటుందో గురజాడ చెప్పలేదు.