కోరికల పట్టిక

మరణమునకు ముందు చూడవలసిన చోట్లను, చేయవలసిన పనులను పట్టికగా వ్రాసికొను వాడుక నేడు మన యిండ్లలోనికిని వచ్చినది. దీనికి విశేషవ్యాప్తి గలిగించినది 2007లో వెలువడిన ‘ది బకెట్ లిస్ట్’ అను అమెరికా చలనచిత్రము. అందు మరణము సమీపించిన వృద్ధు లిద్దరు, వారిలో ధనికుడైనవాని సొమ్ముతో దేశదేశములు తిరిగి పిరమిడ్లను, తాజమహలును జూతురు. కాని కడపట ఆ ధనికునకు నిజమైన తృప్తి నిచ్చినది, ఎడబాసిన కూతురి గడప త్రొక్కి మనుమరాలిని ముద్దాడుట. జనులు ఈ నీతిని విడిచి పట్టికను మాత్రము గ్రహించిరి.

మన పెద్దలకు కాశీయాత్ర యిట్టి కోరికయే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి 1831లో మరలి వచ్చిరి. వారి యాత్రాచరిత్ర నేటికిని చదువబడుటకు కారణము క్షేత్రముల సంఖ్య గాదు. దారి పొడవునను బాటలను, జనుల యాచారములను శ్రద్ధతో గుర్తించుటయే. మఱియు కాశికేగినవారు తమకు ప్రియమైన కాయనో పండునో విడిచి రావలెనను ఆచారము గలదు. పట్టిక కూర్చుకొనుటను నేర్పును. యాత్ర విడుచుటను నేర్పెను. కాకరకాయను విడిచి వచ్చిన గడుసువారును లేకపోలేదు!

మా యాక్షేపణ కోరికలపై గాదు. పట్టిక వ్రాయు తీరిక యింటిలో నెవరికి గలదని మా ప్రశ్న. హైదరాబాదునకు చేరువనున్న మహేశ్వరపు శివగంగ కోవెలను జూడవలెనన్న యిల్లాలి కోరిక సయితము పిల్లల పరీక్షలకును, చుట్టముల భోజనములకును వెనుకబడి యేండ్ల తరబడి నిలిచిపోవుచున్నది. చదువరులారా! మీ పట్టికకు ముందు మీ తల్లిని, భార్యను వారి కోరిక యేమని యడుగుడు. దానిని మొదటి పంక్తిగా వ్రాసి తీర్చుడు. జీవితార్థమును వెదకువారికి మేము చూపగల మార్గ మిది.