ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ కాదు

ఎం.ఎస్. మక్తా గోడల మీద విమర్శ రాయడం కొంచెం ఇబ్బందే. బొమ్మలు బాలేవంటే అబద్ధమాడినట్టు. స్ట్రీట్ ఆర్ట్ మీద పనిచేసే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ 2016లో ఖైరతాబాద్ పక్కన ఉన్న ఈ బస్తీకి చిత్రకారుల్ని తీసుకొచ్చింది. రాజ్‌భవన్‌కు ఇంత దగ్గరుండి కూడా నగరం కంటికి ఆనని ఇరుకు గల్లీలు ఒక్కసారిగా ఫోటోల్లోకెక్కాయి. అది చిన్న విషయమేం కాదు.

నా పేచీ వేరే. రంగు గోడ దగ్గర నిలబడి ఫోటో దిగాక, ఆ గోడ వెనక ఎవరుంటారన్న ఆలోచన మనకు వస్తోందా? గోడను చూశాం కాబట్టి బస్తీని చూసేశాం అనుకుంటున్నాం.

లక్డీకాపూల్ దాటి కాస్త ముందుకెళ్తే ఏసీ గార్డ్స్. ఈ పేరు విని ఎయిర్ కండిషనర్ అనుకున్న ఫ్రెండ్స్ నాకు చాలామందే ఉన్నారు. అసలు పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. సిద్దీల గుర్రపు దళం. ఆ దళం మూలం వనపర్తి సంస్థానంలో ఉంది. రాజా రామేశ్వరరావు కూర్చుకున్న ఆఫ్రికన్ అంగరక్షక దళం, 1866లో ఆయన పోయాక నిజాం కొలువుకు చేరింది. పాలమూరు నుంచి పట్నానికి వలస అనగానే మనకు తట్టా పారా పట్టుకొచ్చిన కూలీలే గుర్తొస్తారు. ఈ ఆఫ్రికా మనుషులూ ఆ దిక్కు నుంచే వచ్చారు! 1948లో నిజాం రాజ్యం పోయింది, దళమూ పోయింది. పేరు మాత్రం రెండక్షరాలకు కుదించుకుపోయి మిగిలింది.

బార్కాస్‌కు ఇంత అన్యాయం జరగలేదు. బ్యారక్స్ అన్న మాటే జనం నోట్లో నలిగి బార్కాస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి సిపాయిలుగా వచ్చిన అరబ్బుల సంతతి అక్కడుంది. వాళ్ళ మందీని ఇప్పుడు హైదరాబాద్ అంతా ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటోంది. తింటూ, "ఇది ఎక్కడి వంట?" అని ఎవరో ఒకరు అడుగుతారు. సిద్దీలకు అట్లాంటి పళ్ళెం దక్కలేదు. వాళ్ళ చేతుల్లో మిగిలింది మర్ఫా. అరబ్బులూ సిద్దీలూ కలిసి పెంచిన వాద్యం అది. పెళ్ళి బారాత్‌లో ఆ దరువుకు మనమూ ఎగురుతాం. అయితే డాన్స్ చేసేవాడు దరువు ఎక్కడిదని అడగడు కదా.

అందుకని ఏసీ గార్డ్స్‌లో గుర్రమెక్కిన సిద్దీ బొమ్మొకటి వేసేస్తే సరిపోతుందా అంటే, నాకైతే అనుమానమే. దాని ముందూ సెల్ఫీలే దిగుతాం. బొమ్మ తర్వాత చూద్దాం, ముందు బస్టాప్ బోర్డు మీద పూర్తి పేరు రాయండి: ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, వనపర్తి నుంచి. పెయింట్ కూడా పెద్దగా పట్టదు.