‘రిమెంబరింగ్’: కర్త లేని స్మృతి

స్మృతి కావ్యం గురించి మీరు చదివారు. విశ్వనాథ సత్యనారాయణ ‘వరలక్ష్మీ త్రిశతి’లో భార్యను పోగొట్టుకున్న కవి మాట్లాడుతాడు. దుఃఖం ఎవరిదో, ఎవరి కోసమో పాఠకునికి సందేహం ఉండదు. ఇప్పుడు చనిపోయిన స్నేహితుని ఫేస్‌బుక్ ఖాతా తెరచి చూడండి. దాన్ని స్మారక ఖాతాగా మార్చి ఉంటే పేరు దగ్గర ‘రిమెంబరింగ్’ అని ఉంటుంది. తలచుకుంటున్నది ఎవరు? ఆ మాటకు కర్త లేడు. సిద్దిపేట పల్లెల్లో పెత్తరమాస నాడు పెద్దలను యాది చేసుకునేటప్పుడు ఎవరి పేరు మీద ఎవరు బియ్యం ఇస్తున్నారో అందరికీ తెలుసు.

ఫేస్‌బుక్ 2009లో ఈ పద్ధతి తెచ్చింది. స్మారక ఖాతా అయితే పుట్టినరోజు గుర్తుచేయదు. ఇది మేలే, ఒప్పుకోవాలి. అయితే ఎవరో ఒకరు మరణవార్త తెలపాలి, ఆధారం చూపాలి. మన యువకులు ఎందరో ముద్దుపేర్లతో ఖాతాలు తెరుస్తారు. పంచాయతీ ఇచ్చే మరణ ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరుతో సహా అసలు పేరు ఉంటుంది. రెండూ ఒకరివేనని చెప్పుకోవలసింది దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళే. అంతవరకు పోయినవాడికి శుభాకాంక్షలు చెప్పమని ఆ యంత్రం ఏటా అడుగుతూనే ఉంటుంది.

2015లో ‘లెగసీ కాంటాక్ట్’ వచ్చింది. పేరు వింటే వారసుడనిపిస్తుంది. అతడు ఫొటో మార్చవచ్చు, ఒక పోస్టును పైన నిలపవచ్చు, ఖాతా తొలగించమని కోరవచ్చు. సందేశాలు మాత్రం చదవలేడు. వారసుడి కంటే కావలివాడనడమే సబబు.

ఈ నిషేధం అన్యాయమని తొందరపడి రాయకండి. 2012లో బెర్లిన్‌లో 15 ఏళ్ళ బాలిక రైలు కింద పడి మరణించింది. తల్లి దగ్గర పాస్‌వర్డ్ ఉంది. అయినా ఖాతా స్మారకంగా మారిపోవడంతో లోపలికి వెళ్ళలేకపోయింది. ఉత్తరాలు, డైరీలు వారసులకు చెందినట్టే ఖాతా కూడా చెందుతుందని 2018 జూలై 12న జర్మనీ ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. తల్లి పక్షాన ఆలోచిస్తే ఇది న్యాయమే. కాని ఆ సందేశాల్లో సగం బిడ్డ స్నేహితులవి. వాళ్ళు బతికే ఉన్నారు, తమ మాటలు మూడో మనిషి చదువుతారని అనుకొని రాయలేదు.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 14వ సెక్షను నామినీని పెట్టుకునే హక్కు ఇచ్చింది. పోస్టాఫీసు పాసుపుస్తకంలో నామినీ పేరు రాయించిన మనకు ఇది వింత కాదు. అయితే చనిపోయిన కొడుకు పంపిన, అందుకున్న సందేశాల మాట ఆ సెక్షనులో ప్రత్యేకంగా ఎక్కడా లేదు. తల్లి వెతికేది మాత్రం వాటినే.