లాఠీ పట్టిన చేతికి నవ్వు చేతనవుతుందా?

పోలీసు ఉద్యోగం చేసినవాడు నవల రాశాడంటే ఆశ్చర్యపడవలసింది లేదు. నవలకు కావలసిన ముడిసరుకు అతని దగ్గర ఉన్నంతగా మరొకరి దగ్గర ఉండదు. ఏ భూమి తగాదా వెనక ఏ పెద్దమనిషి ఉన్నాడో, ఏ ఇంట్లో ఏడుపు ఎందుకు బయటికి వినపడటం లేదో అతనికి తెలుసు. పైగా ప్రతి స్టేషన్‌లోనూ 'రైటర్' అని ఒక కానిస్టేబులు ఉంటాడు. ఎఫ్.ఐ.ఆర్.లు, వాంగ్మూలాలు, పంచనామాలు రాసి రాసి అతను నింపే కాగితాలు మన రచయితలు చాలామంది జీవితకాలంలో నింపరు. ఇంత సరుకు ఉండి, ఇంత రాత అలవాటు ఉండి, పోలీసు అనుభవం నుంచి హాస్య నవల ఎందుకు అంత అరుదుగా పుడుతుంది? పుట్టాలంటే రచయిత ఏం వదులుకోవాలి? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచింది ఈ ప్రశ్ననే.

పోలీసులకు నవ్వు రాదని నేను అనడం లేదు. స్టేషన్లలో నవ్వుకు కొదవ లేదు. అయితే ఆ నవ్వు ఎటు నుంచి ఎటు ప్రవహిస్తుంది అన్నదే అసలు విషయం. బల్ల వెనక కుర్చీలో కూర్చున్నవాడు, బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాణ్ణి చూసి నవ్వితే అది వెక్కిరింత. నిలబడ్డవాడు, కూర్చున్నవాణ్ణి చూసి లోలోపల నవ్వుకుంటే అది విమర్శ. మొదటిది అధికారానికి వినోదం. రెండోది అధికారానికి భయం. సాహిత్యానికి పనికొచ్చేది రెండోది మాత్రమే.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. ఉద్యోగంలో చేసిన పోలీసు పని నుంచి తొలి నవల తీసిన ఒక ప్రముఖుడు మన గడ్డ మీదే ఉన్నాడు. సికింద్రాబాదు అనే ఊరే సైన్యం కోసం పుట్టింది. 1798 నాటి సైన్య సహకార ఒప్పందం ప్రకారం వచ్చిన కుంఫిణీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. 1806లో ఆ దండుకు నిజాం సికందర్ జా పేరు పెట్టారు. పక్కనే బొల్లారం, నిజాం ఖర్చుతో ఇంగ్లీషు అధికారులు నడిపిన మరో సైన్యానికి, కంటింజెంట్‌కు కేంద్రమైంది. ఆ నిజాం సైన్యంలోకి పదహారేళ్ళ వయసులో, 1824లో, ఫిలిప్ మెడోస్ టేలర్ అనే ఇంగ్లీషు కుర్రవాడు చేరాడు. ఇరవై ఏళ్ళు నిండకముందే నిజాం రాజ్యంలో నైరుతి జిల్లాలకు అసిస్టెంట్ పోలీసు సూపరింటెండెంట్ అయ్యాడు. తరవాత థగ్గుల వాంగ్మూలాలు తీసుకునే పనిలో పాల్గొన్నాడు. ఆ అనుభవం నుంచి 1839లో లండన్‌లో 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' అనే తొలి నవల వెలువడింది. విక్టోరియా రాణి కూడా దాన్ని ఆత్రంగా చదివింది.

ఇది హాస్య నవల కాదు. ఎందుకు కాలేకపోయిందో చూస్తే మన ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. నవల అంతా ఒక ఖైదీ చెప్పే కథ. అమీర్ అలీ అనే థగ్గు, 719 మందిని చంపానని చెప్పుకునేవాడు, అప్రూవరుగా మారి ఒక 'సాహెబు'కు తన జీవితం వినిపిస్తాడు. వాడు తల్లిదండ్రుల్ని చంపినవాళ్ళ చేతుల్లోనే పెరిగాడు. తెలియక సొంత చెల్లెల్నే చంపాడు. కథ హైదరాబాదు వీధుల్లో కూడా తిరుగుతుంది. కథనంలో బిగి ఉంది, మనుషుల మాటల్లో జీవం ఉంది. హంతకుణ్ణి కూడా మనిషిగా నిలబెట్టగలిగిన ప్రతిభ టేలర్‌ది. అందులో సందేహం లేదు.

కాని ఆ సాహెబు ఎవరు? అతనికి చరిత్ర లేదు, లోపం లేదు, తొట్రుపాటు లేదు. మధ్యమధ్య ఒక ప్రశ్న వేస్తాడు, ఒక తీర్పు చెబుతాడు, మళ్ళీ వింటాడు. ఇది స్టేషన్‌లో వాంగ్మూలం రాసుకునే పద్ధతే. చెప్పేవాడు నిందితుడు, రాసేవాడు అధికారి. రాసేవాడు కాగితం మీద కనపడడు. కనపడనివాణ్ణి చూసి ఎవరూ నవ్వలేరు. టేలర్ తన వృత్తి నుంచి వస్తువును మాత్రమే తెచ్చుకోలేదు, రూపాన్ని కూడా తెచ్చుకున్నాడు. ఆ రూపమే నవ్వుకు తలుపు మూసింది.

ఆ సాహెబు తెర వెనకనుంచి ముందుకు వచ్చి ఉంటే ఏం కనపడేది? తన సైన్యానికి జీతం ఎవరి నుంచి వస్తోందో కనపడేది. కంటింజెంట్ ఖర్చు కోసం నిజాం ప్రభుత్వం పామర్ కంపెనీ దగ్గర హెచ్చు వడ్డీకి అప్పులు చేసింది. ఆ వడ్డీ చివరికి రైతు చెల్లించిన శిస్తులోంచే వెళ్ళింది. టేలర్ పెళ్ళి చేసుకున్నది ఆ పామర్ కుటుంబపు పిల్లనే. దారి దోపిడీగాళ్ళను పట్టుకునే దొరవారు దర్బారుకు అప్పిచ్చి వడ్డీలు పిండిన షావుకారుకు బంధువు! ఇందులో గొప్ప హాస్య నవలకు కావలసినంత వ్యంగ్యం ఉంది. టేలర్ చెడ్డవాడు కనుక దాన్ని రాయలేదని కాదు. తరవాతి కాలంలో సురపురం సంస్థానంలో అతను ప్రజల అభిమానం సంపాదించుకున్న మాట వాస్తవం. వ్యక్తిగా మంచివాడైనా, తాను నిలబడ్డ చోటు అతనికి కనపడలేదు. వర్గ దృష్టి అంటే ఇదే.

ఈ అంధత్వం కాగితాల మీదే ఆగిపోలేదు. 1836 థగ్గీ చట్టం ప్రకారం ఫలానా నేరం చేశాడని రుజువు కానక్కరలేదు, ముఠాలో సభ్యుడైతే చాలు, యావజ్జీవం. అదే ఆలోచన 1871లో నేరస్థ జాతుల చట్టమై మొత్తం కులాలను పుట్టుకతో దొంగలుగా రాసిపెట్టింది. మన బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకలవారిని ఒక సెటిల్‌మెంటులో పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించడం దాని కొనసాగింపే. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. 'స్టూవర్టుపురం దొంగ' అన్న వేళాకోళం మన మాటల్లో, మన సినిమాల్లో మిగిలింది. పైనుంచి కిందికి పారే నవ్వు ఎంతకాలం బతుకుతుందో ఇది చెబుతోంది.

ఇక్కడ ఒక తమాషా గమనించాలి. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షను, పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం నిందితుడి మీద రుజువుగా చెల్లదని చెప్పింది. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం కూడా ఆ సూత్రాన్ని నిలుపుకుంది. తెల్లదొరలు తయారుచేసిన చట్టమే పోలీసు ముందు చెప్పిన మాటను నమ్మవద్దంది. సాహిత్యం మాత్రం ఎందుకు నమ్మాలి?

జార్జ్ ఆర్వెల్ 1922 నుంచి 1927 దాకా బర్మాలో పోలీసు అధికారి. అతని తొలి నవల 'బర్మీస్ డేస్' 1934లో వచ్చింది. అదీ హాస్య నవల కాదు, చేదు నవల. కాని ఏనుగును కాల్చిన ఉదంతం మీద 1936లో అతను రాసిన వ్యాసం మన చర్చకు చాలా ముఖ్యం. శాంతించిన ఏనుగును కాల్చనక్కరలేదని తెలిసీ అధికారి కాలుస్తాడు. వెనక నిలబడ్డ జనం తనను చూసి నవ్వుతారేమోనన్న భయం, అంతే. అధికారానికి తుపాకి అంటే భయం లేదు, నవ్వు అంటే భయం. ఆ మాట ఒప్పుకోగలిగిన పోలీసువాడు హాస్యానికి గుమ్మం దాకా వచ్చినట్టే.

గుమ్మం దాటినవాళ్ళూ లేకపోలేదు. వంగదేశంలో గిరీశచంద్ర బసు 1850లలో నదియా జిల్లాలో దరోగాగా పనిచేసి, మూడు దశాబ్దాల తరవాత 'సేకాలేర్ దారోగార్ కాహినీ' రాశాడు. నవల కాదు, జ్ఞాపకాలు. ఆ నాటి దరోగాల లంచాలను, దర్జాను తాను కూడా అందులోవాడిగానే చెప్పుకున్నాడు. అమెరికాలో జోసెఫ్ వాంబా లాస్ ఏంజెలెస్ పోలీసుగా ఉండగానే 1971లో తొలి నవల వేశాడు. అది గంభీరమైనది. 1974లో ఉద్యోగం వదిలాక, 1975లో వచ్చిన 'ది క్వయర్‌బాయ్స్'లో గాని నల్లటి హాస్యం కట్టలు తెంచుకోలేదు. యూనిఫాం విప్పాకనే నవ్వు స్వేచ్ఛగా వచ్చిందన్నది యాదృచ్ఛికం అనుకోను.

మన భాషలో ఈ పని పోలీసులు చేయలేదు, ఇతరులు చేశారు. 'కన్యాశుల్కం'లో హెడ్ కానిస్టేబుల్‌ను సారా దుకాణంలో బైరాగి సరసన కూర్చోబెట్టి గురజాడ దారి చూపించాడు. రావిశాస్త్రి విశాఖపట్నంలో ప్లీడరు. మద్యనిషేధం చట్టం ఎవరి పొట్ట కొట్టి ఎవరి పొట్ట నింపిందో 'ఆరు సారా కథలు'లో విప్పి చూపాడు. ఆయన పోలీసులు రాక్షసులు కారు, ఒక పెద్ద యంత్రంలో చిన్న పళ్ళు. వాళ్ళ మాటలు మనల్ని నవ్విస్తాయి, ఆ యంత్రం మాత్రం నవ్వనివ్వదు. పత్రికా రచయిత కె.ఎన్.వై. పతంజలి తన తొలి నవల 'ఖాకీవనం'లోనే పోలీసు వ్యవస్థలోకి నేరుగా వెళ్ళాడు. కింది మెట్టు కానిస్టేబులు ఆర్డర్లీ పేరుతో దొరవారి ఇంట్లో చేసే వెట్టిని బయటపెట్టాడు. ప్లీడరు, పత్రికా రచయిత చూడగలిగింది పోలీసు ఎందుకు చూడలేకపోయాడు? చూడలేక కాదు, చెప్పడానికి తన స్థానం ఒప్పుకోలేదు.

కొందరు మిత్రులు అడగవచ్చు: పోలీసువాడు కూడా పేద రైతు బిడ్డే గదా, అతని అవస్థ చూసి నవ్వుకుంటే తప్పేమిటి? తప్పులేదు. పండగనాడు బందోబస్తులో ఎండకు నిలబడ్డ కానిస్టేబులు, మంత్రిగారి కారు దుమ్ము తినే హోంగార్డు, సెలవు కోసం లేని మేనమామను చంపే హెడ్డు, వీళ్ళందరూ మంచి హాస్యానికి అర్హులే. అయితే ఆ సానుభూతి లాకప్ తలుపు దగ్గర ఆగిపోకూడదు. 1978లో ఇదే జంటనగరాల్లో నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక స్త్రీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ తప్పు పోలీసులదేనంది. రాయచూరు కోర్టులో వాళ్ళు విడుదలయ్యారు. ఈ మధ్యలో ప్రశ్నలన్నీ ఆమె నడవడి మీదే. స్టేషన్ గోడల మధ్య జరిగేదాన్ని 'సరదా సంగతులు'గా రాసే ప్రతివాడూ నల్లకుంట పేరు గుర్తుంచుకుని రాయాలి. దానిమీద నవ్వమని నేను అనను. దాన్ని మరిపించే నవ్వు వద్దంటాను.

మరి రిటైరైన ఒక సర్కిల్ ఇన్‌స్పెక్టరో, హెడ్ కానిస్టేబులో రేపు హాస్య నవల రాయాలనుకుంటే ఏ రూపం తీసుకోవాలి? నమూనా మన దగ్గరే ఉంది. 1924లో మొక్కపాటి 'బారిష్టర్ పార్వతీశం'ను ప్రథమ పురుషలో కాదు, 'నేను' అంటూ పార్వతీశం నోటనే చెప్పించాడు. అక్కడ నవ్వులపాలయ్యేది చెప్పేవాడే. తన తెలివితక్కువతనాన్ని, తన గొప్పలను తానే ముందు పెడతాడు గనక మనం నవ్వుతూనే అతన్ని ప్రేమిస్తాం, అతని కళ్ళతో తెల్లవాడి దేశాన్ని కూడా చూసి నవ్వుతాం. ఖాకీ తొడుక్కున్న పార్వతీశం మనకింకా రావలసి ఉంది.

అతను వస్తే తన దగ్గరున్న భాషతోనే మొదలుపెట్టవచ్చు. 'నిందితుడు పారిపోవుటకు ప్రయత్నించగా', 'నమ్మదగిన సమాచారము మేరకు', 'ఆత్మరక్షణార్థము' వంటి మాటలకూ, ఆ రాత్రి నిజంగా జరిగినదానికీ మధ్య ఉన్న దూరం అతనికి తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు. ప్రతి పంచనామాకూ వచ్చి సంతకం పెట్టే ఆ టీకొట్టు సాక్షి అతనికి పేరుపేరునా తెలుసు. ఆ దూరాన్ని అతను కొలిచి చూపిస్తే చాలు. నవ్వు దానంతట అది వస్తుంది, నవ్విన తరవాత కోపమూ వస్తుంది.

కాని అందుకు అతను ఒక పని చేయాలి. ఇన్నాళ్ళూ ఇతరుల వాంగ్మూలాలు రాసిన మనిషి, బల్లకు ఈవలికి వచ్చి నిలబడి, తన వాంగ్మూలం తాను ఇవ్వాలి. టేలర్ చేయలేనిది అది. ఆ పని చేసిన పోలీసు రచయితను మన సంఘం చేతులు చాచి ఆహ్వానించాలి. చేయనివాడు ఎంత నవ్వించినా, ఆ నవ్వు ఎవరిమీద అని అడిగే బాధ్యత విమర్శకుడిది.