నాదము నడపిన అద్భుతకథ

సంగీతమునే మంత్రశక్తిగా గొని నడచు అద్భుతకథలు నేడు పాశ్చాత్యభాషలయందు సంపుటములుగా వెలువడుచుండగా, వానిని నిద్రాహారములు మాని చదువు మన యువతీయువకులు, అట్టి కథనే 16వ శతాబ్దియందు ఎనిమిది ఆశ్వాసముల తెనుగుకావ్యముగా సంతరించిన పింగళి సూరనను పరీక్షకొఱకై పేరుమాత్రమున నెఱిగియుండుట నాకు మిక్కిలి ఖేదము గలిగించును. రాఘవపాండవీయమున రామాయణ భారతములను శ్లేషచే ఒక్కత్రాటిపై నడపిన ఈ మహాకవి, కళాపూర్ణోదయమున అంతకు మించిన సాహసము చేసెను. పురాణములనుండి కొన్ని పాత్రలను గైకొన్నను కథాసంవిధానమును తన కల్పనచేతనే నిర్మించెను.

ఆ కథకు బీజము నారదుని మాత్సర్యము. వైకుంఠమున శ్రీహరి తుంబురుని గానమును మన్నించుటకు ఓర్వలేక, అతనిని వాదమున జయింపవలెనని నారదుడు అతని యింటికేగును. అద్భుతరామాయణమునను ఈ మాత్సర్యకథ కలదు. అందు నారదుని అపస్వరములచే అంగభంగము నొందిన రాగములు స్త్రీపురుషరూపములతో అతనికి కనబడును. సూరన అంత భయంకరదృశ్యమును కోరలేదు. తుంబురుడు శ్రుతిచేసి యుంచిన వీణను నారదుడు ఒక్కమాఱు మీటును. అంతటితో అతని గర్వమడగిపోవును. బిరడను వెండ్రుకవాసి త్రిప్పుచు, సారణి తంతిని పంచమముతో సరిచూచుకొనుచు, ఇంకను ఏదియో కుదురలేదని మరల చెవియొగ్గి కూర్చుండు వైణికుని దగ్గఱనుండి చూచినవారికి ఈ ఘట్టములోని సత్యము ఇట్టే బోధపడును. పాట పాడకయే, కేవలము మేళవింపుచేతనే ఒక విద్వాంసుడు మఱియొక విద్వాంసుని ఓడించిన ఇట్టి సన్నివేశము వేఱొక కావ్యమున నాకు కానరాలేదు.

ఓడినవాడు శపింపలేదు, నేర్చుకొనబోయెను. ద్వారకలో జాంబవతీ సత్యభామా రుక్మిణులకడ, త్రిలోకసంచారియైన దేవర్షి శిష్యుడై కూర్చుండెను. అతని వీణను మోయుచు వచ్చిన వేశ్యాకన్యక కలభాషిణియు ఆ విద్యను గ్రహించెను. సూరన సంగీతమునకు గల మహిమను కాదనలేదు, కాని ఆ మహిమ వరముగా ఊడిపడునని చెప్పలేదు. శ్రుతిజ్ఞానమును, సాధనయు, గురుశుశ్రూషయు దానికి మూలములని ఆయన నిర్ణయము. ఇదియే ఈ కావ్యమునకు గల గొప్ప విలువయని నా దృఢవిశ్వాసము.

కథాకథనశిల్పమును గూర్చి ఎంత చెప్పినను తక్కువయే. కథ నడుమనుండి ప్రారంభమగును. కథానాయకుడు కళాపూర్ణుడు కావ్యము సగమైన పిమ్మటగాని రంగమునకు రాడు. మణికంధరుడను గంధర్వుడు, కలభాషిణి, రంభ, నలకూబరుడు ఒకరి రూపమొకరు దాల్చి చిక్కువడిన తరువాత, పూర్వజన్మస్మృతి గల పసికందు మధురలాలస నోట రహస్యము విచ్చును: ఈ వృత్తాంతమంతయు బ్రహ్మ సరస్వతితో వినోదమునకై చెప్పిన కథయట, సరస్వతి కంఠమున పుట్టిన ప్రణయధ్వనియే అందు కళాపూర్ణుడను రాజైనదట! ఒక ధ్వని మనుష్యాకృతి దాల్చి రాజ్యమేలుట కంటె నాదమునకు పట్టాభిషేక మేమి కావలయును?

కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వవిచారమున ఈ కావ్యమునే పరీక్షకు బెట్టి, మెచ్చవలసినచోట మెచ్చి, తెగడవలసినచోట తెగడిరి. వర్ణనలు కొన్నిచోట్ల కథావేగమును అడ్డగించుట నిజమే. అట్టివానిని తొలిపఠనమున దాటిపోయినను దోషములేదు.

పరదేశముల పెరుగుచు తెనుగు చదువలేని మన పిల్లలకు, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేయగా 2002లో వెలువడిన ఆంగ్లానువాదము కలదు. తెనుగు చదువగలవారు మాత్రము టీకాతాత్పర్యములతో గూడిన ప్రతిని సంపాదించి, పాత్రల పేర్లను ఒక కాగితముపై వ్రాసికొనుచు మూలమునే చదువుడు; ఐదవ ఆశ్వాసము ముగియువఱకు పుస్తకమును విడువకుడు.