‘స్వేచ్ఛాజీవి’ అనే మూస: గుమ్మలక్ష్మీపురం కొండల ఆదివాసీ స్త్రీ – జెండర్, లైంగికత, భూమి

వ్యాససంగ్రహం:

ఆదివాసీ స్త్రీని ‘స్వేచ్ఛాజీవి’ అని కీర్తించడం, ‘కట్టుబాటు లేనిది’ అని నిందించడం పైకి పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. పార్వతీపురం మన్యం జిల్లా గుమ్మలక్ష్మీపురం ప్రాంతంలోని జాతాపు, సవర సమాజాలను దృష్టిలో ఉంచుకొని పరిశీలిస్తే ఇవి రెండూ ఒకే మూసకు రెండు ముఖాలని తెలుస్తుంది. ఈ మూస స్త్రీ వివాహాన్నీ లైంగికతనూ మాత్రమే చూపి, ఆమె శ్రమనూ ఆస్తిహక్కునూ కనుమరుగు చేస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జెండర్, లైంగికత, మూసభావన, జాతాపు, సవర, ఓలి, పోడు, అటవీ హక్కులు.

1. ఉపోద్ఘాతం:

స్త్రీపురుషుల మధ్య జీవసంబంధమైన భేదం ప్రకృతిసిద్ధం. ఆ భేదాన్ని ఆధారం చేసుకొని సమాజం పనులను, హక్కులను, నడవడిని విభజించే పద్ధతి జెండర్. ఈ రెంటినీ వేరుచేసి చూడవలసిన అవసరాన్ని ఆన్ ఓక్లీ 1972లో వెలువరించిన గ్రంథంలో స్పష్టం చేసింది. అంతకు ముందే, 1922లో, వాల్టర్ లిప్‌మన్ మూసభావన అనే మాటకు సామాజిక శాస్త్రాల్లో స్థానం కల్పించాడు. మనిషి ముందు చూసి తరువాత నిర్వచించడనీ, ముందే నిర్వచించుకొని ఆ తరువాత చూస్తాడనీ ఆయన ఆలోచన సారం. మైదానం కొండను చూసిన తీరుకు ఈ సూత్రం చక్కగా సరిపోతుంది.

గుమ్మలక్ష్మీపురం ఒడిశా సరిహద్దుకు చేరువలో, తూర్పు కనుమల్లో ఉన్న షెడ్యూల్డ్ ప్రాంతం. ఖోండులతో సంబంధమున్న జాతాపులు, ముండా కుటుంబానికి చెందిన భాష మాట్లాడే సవరలు ఇక్కడి ప్రధాన ఆదివాసీ సమూహాలు. శ్రీకాకుళ గిరిజనోద్యమం కారణంగా ఈ కొండలు తెలుగు పాఠకులకు పరిచితమయ్యాయి. అయితే ఆ చరిత్రలో భూమి ప్రశ్నకు దక్కిన ప్రాధాన్యం, ఆ భూమిలో స్త్రీ వాటా ఎంత అనే ప్రశ్నకు దక్కలేదు.

2. మూస రూపొందిన తీరు:

తెలుగువారి ఊహలో అడవి స్త్రీకి చిరకాలంగా ఉన్న రూపం చెంచులక్ష్మి. నృసింహస్వామిని వలపించుకున్న వేటగత్తె కథ జానపదం నుంచి వెండితెరకు ఎక్కి, 1943లోనూ 1958లోనూ అదే పేరుతో చలనచిత్రాలయింది. ఆ కథలో ఆమె చొరవ ఆకర్షణీయం; కాని కథాగమనం ఆమెను మైదాన దేవుని ఇల్లాలిని చేయడంతోనే సార్థకమవుతుంది. ఆమెకు సొంతమైన అడవి ఏమైందని ఆ కథ అడగదు.

వలసపాలకుల నివేదికలు రెండో దశ. 1840ల ప్రాంతంలో ఖోండుల గురించి రాసిన మెక్‌ఫర్సన్, అక్కడి స్త్రీలకు భర్తను విడిచిపోయే హక్కు ఉందని గుర్తించాడు. స్త్రీ విడిచిపోతే వరుని పక్షం ఇచ్చిన సొమ్మును తండ్రి తిరిగి చెల్లించాలి. దాని నుంచి తగాదాలు పుడతాయి. కొన్ని తెగల్లో ఆడశిశువులను చంపడానికి ఇదొక కారణమని ఆయన వాదించాడు. ఈ వివరణ ఎంతవరకు సరైనదనే చర్చ అలా ఉంచితే, దాని నిర్మాణం గమనింపదగినది. స్త్రీ ప్రాణం తీసిన ఆచారానికి కూడా స్త్రీ స్వేచ్ఛే కారణమైంది. సొమ్ము లెక్కను నిర్ణయించిన పురుషులు మాత్రం నేపథ్యంలోనే ఉండిపోయారు.

మూడో దశ వెరియర్ ఎల్విన్‌ది. నిందను తొలగించి ఆదివాసీ జీవితంలోని సౌందర్యాన్ని చూపిన ఘనత ఆయనదే. కాని మురియాల ఘోటుల్‌పై 1947లో ఆయన వెలువరించిన గ్రంథం ప్రాచుర్యం పొందిన తరువాత, ఒక తెగకు చెందిన సంస్థ ఆదివాసులందరి లక్షణంగా పాఠకుల మనసుల్లో స్థిరపడింది. నింద పోయి మెప్పు వచ్చింది గాని, చూపు మాత్రం స్త్రీ లైంగికత దగ్గరే ఆగిపోయింది.

3. ఓలి: గౌరవమా, వెలా?

కొండ సమాజాల్లో వరుని పక్షం వధువు పక్షానికి ఓలి చెల్లించే ఆచారం ఉంది. ఇష్టపడినవారు లేచిపోయి తరువాత పెద్దల అంగీకారం పొందడం, విడాకులు, వితంతు వివాహం కూడా ఆచార సమ్మతాలే. వీటిని చూసి ఆదివాసీ స్త్రీ స్థాయి మైదాన స్త్రీ కన్నా ఉన్నతమైనదని తీర్మానించడం పరిపాటి.

ఎస్టర్ బోసెరప్ 1970లో ఈ విషయానికి ఆర్థిక పునాది చూపింది. పోడు వంటి సేద్యంలో స్త్రీ శ్రమ కీలకం కనుక ఆమెను కోరే కుటుంబం వెల చెల్లిస్తుంది. నాగలి సేద్యంలో ఆమె శ్రమకు గుర్తింపు తగ్గి, కట్నం ప్రవేశిస్తుంది. ఈ విశ్లేషణ ఓలిని సంస్కృతి నుంచి శ్రమ వైపుకు మళ్లించింది. అయితే శ్రమకు విలువ ఉండడం వేరు, ఆ విలువ శ్రమించినవారి చేతికి అందడం వేరు. ఓలి తండ్రికో అన్నదమ్ములకో చేరుతుంది. ఆమె విడిపోవాలంటే కుదుర్చుకోవలసింది కూడా వారి మధ్యనే. కాబట్టి విడిపోయే స్వేచ్ఛ ఉంది గాని, దాని తాళంచెవి ఆమె కొంగున లేదు.

వర్జీనియస్ ఖాఖా 2004లో ఈ సంక్లిష్టతనే సూచించాడు. మైదానంతో పోల్చి ‘ఉన్నతం’ అనడం వల్ల ఆదివాసీ సమాజం లోపలి అసమానత పరిశీలనకు రాకుండా పోతుంది.

4. మరణించినవారికి గొంతు ఇచ్చే స్త్రీ:

మూసకు లొంగని ఒక సాక్ష్యం సవరల మతంలో ఉంది. సరిహద్దుకు ఆవలి ఒడిశా సవరలపై ఎల్విన్ 1955లోనూ, పియర్స్ విటెబ్‌స్కీ 1993లోనూ ప్రచురించిన గ్రంథాలు స్త్రీ పూజారులను వివరంగా పరిచయం చేశాయి. ఆమెకు పాతాళలోకంలో ఒక భర్త, అక్కడ ఒక సంసారం ఉంటాయని విశ్వాసం. భూమి మీద ఆమె మరొకరిని పెళ్లాడవచ్చు. ఆవేశ స్థితిలో మరణించిన స్త్రీలే కాక పురుషులు కూడా ఆమె నోట మాట్లాడతారు. బంధువులు వారితో వాదిస్తారు, ఏడుస్తారు, ఆస్తి తగాదాలు తేల్చుకుంటారు.

ఇక్కడ స్త్రీ శరీరం భోగ్యవస్తువు కాదు; వంశచరిత్రను పలికించే అధికార స్థానం. స్త్రీ గొంతులో పురుషుడు మాట్లాడే ఈ సన్నివేశం, జెండర్ అనేది పుట్టుకతో స్థిరపడిపోయినది కాదని, సమాజం అంగీకరించే పాత్ర అని చూపుతుంది. విటెబ్‌స్కీ 2017 నాటి గ్రంథం ఈ సంప్రదాయం క్షీణించిన క్రమాన్ని నమోదు చేసింది. యువతరం క్రైస్తవం వైపు మళ్లడంతో, అక్షరజ్ఞానం లేని వృద్ధ స్త్రీల చేతిలోని ఆధ్యాత్మికాధికారం చదువుకున్న మతబోధకులకు సంక్రమించింది. ఒడిశా అనుభవాన్ని గుమ్మలక్ష్మీపురానికి యథాతథంగా అన్వయించడం సరికాదు. అయినా ఆదివాసీ స్త్రీ స్థాయి మారనిదన్న భావనను ఖండించడానికి ఇది చాలు.

భాష కూడా ఇటువంటి హెచ్చరికే చేస్తుంది. గిడుగు రామమూర్తి జీవితకాలం కృషి చేసిన సవర భాషలో అతడు, ఆమె అనే భేదం చూపే వేర్వేరు సర్వనామాలు లేవు. తెలుగులో ఏకవచనాన స్త్రీ, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు ‘అది’లో చేరతాయి. దీన్నిబట్టి సవరల్లో జెండర్ భేదం లేదని అనుకుంటే పొరపాటే. వ్యాకరణంలో లేని భేదం పొలంలో, పట్టాలో ఉండవచ్చు.

5. పొలం, పట్టా:

పోడులో చెట్లు నరకడం సాధారణంగా పురుషుల పని. విత్తడం, కలుపు తీయడం, కోత, నూర్పుల్లో స్త్రీ శ్రమ అధికం. చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు సేకరించి సంతకు మోసేదీ ఆమే. ఇంత శ్రమకు ఆధారమైన భూమిపై ఆమె హక్కు మాత్రం ఆచారం దయమీద ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని 2వ సెక్షన్ చెబుతోంది. ఆదివాసీ ఆచారాన్ని కాపాడే ఉద్దేశం మంచిదే. కాని ఆచారం అంటే ఎవరు చెప్పినది అనే ప్రశ్న మిగిలిపోయింది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబ వివాదంలో 2025 జూలైలో సుప్రీంకోర్టు దీనికి కొంత సమాధానమిచ్చింది. స్త్రీకి వాటా నిరాకరించే ఆచారం ఉందని రుజువు కానప్పుడు సమానత్వమే వర్తిస్తుందని తీర్పు చెప్పింది. దీనితో ఆచారాన్ని నిరూపించే భారం వాటా నిరాకరించేవారిపై పడింది.

2006 అటవీ హక్కుల చట్టం మరింత ముందుకు వెళ్లింది. 4(4) సెక్షన్ ప్రకారం వివాహితుల విషయంలో హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరిట నమోదు కావాలి. పోడు పట్టాలో భార్య పేరు చేరడం అలంకారం కాదు. భర్త విడిచిపెట్టినా, మరణించినా ఆమె నిలబడే నేల అది.

భూమి బదలాయింపు నిబంధనలు (1959, 1970) మరో కోణాన్ని చూపుతాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ నిషిద్ధం కనుక, గిరిజన స్త్రీ పేరిట బినామీగా భూమి ఉంచుకొనే ప్రయత్నాలు చాలాకాలంగా చర్చలో ఉన్నాయి. నేరం చట్టాన్ని వంచించినవారిది. కాని దానిని సాకుగా చూపి ఆమె ఎవరిని పెళ్లాడాలన్న విషయంపై నిఘా పెడితే, శిక్ష ఆమెకు పడుతుంది. లైంగికతపై కట్టడి వెనుక తరచు ఆస్తి భయం ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు.

గుమ్మలక్ష్మీపురం భాగమైన కురుపాం శాసనసభ స్థానం నుంచి 2014, 2019, 2024 ఎన్నికల్లో వరుసగా స్త్రీలే గెలిచారు. ఇది విలువైన మార్పు. అయితే ప్రాతినిధ్యం శాసనసభకు చేరినంత వేగంగా హక్కుపత్రంలోకి చేరిందా అన్నదే సమాజశాస్త్రం అడగవలసిన ప్రశ్న.

6. ముగింపు:

• ‘స్వేచ్ఛాజీవి’ అనే మెప్పు, ‘కట్టుబాటు లేనిది’ అనే నింద రెండూ మైదానపు కొలతలే. రెండూ స్త్రీని ఆమె లైంగికతకే పరిమితం చేస్తాయి.

• ఓలి స్త్రీ శ్రమ విలువను గుర్తిస్తుంది గాని, ఆ విలువపై ఆమెకు అధికారం ఇవ్వదు.

• సవర పూజారిణి ఉదంతం జెండర్ పాత్రలు మారగలవని, స్త్రీ అధికారం చేజారిపోనూగలదని తెలుపుతుంది.

• ఆదివాసీ స్త్రీ స్వేచ్ఛకు గీటురాయి ఆమె ప్రేమకథ కాదు. ఆమె దున్నించి, విత్తి, కోసిన భూమి పత్రంలో ఆమె పేరుందా లేదా అన్నదే గీటురాయి.

ఇకపై ఈ కొండల మీద జరిగే పరిశోధన పెళ్లి పద్ధతుల పట్టిక దగ్గర ఆగిపోకుండా, హక్కుపత్రాల్లోని పేర్ల దాకా వెళ్లవలసి ఉంది.